కొత్త వాచీ మీద నాది కాని గీత

గీత పొడవు మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో. ఎడమ వైపు కింది కొమ్ము మీద, అంటే చైన్ వచ్చి కేస్‌కి (వాచీ బాడీకి) తగులుకునే చోట, అద్దంలా నున్నగా మెరిసే భాగం మీద, ఏటవాలుగా పడింది. మామూలు వెలుతురులో కనపడదు. వాచీని కొంచెం వంచి లైటు దాని మీద పడేలా పట్టుకుంటే తెల్ల వెంట్రుకలా మెరుస్తుంది. షోరూంలో నాకు మొదట చెప్పిన మాట, "సార్, అది గీత కాదు, వేలిముద్ర". బట్ట పెట్టి తుడిచారు, పోలేదు. ఆవిరి ఊది మళ్ళీ తుడిచారు, పోలేదు. అప్పటికే నేను డబ్బు కట్టేశాను, 2,14,000 రూపాయల బిల్లు నా చొక్కా జేబులో ఉంది.

మాది ఒడిశాలోని రాయగడ. మా రాయగడ, కోరాపుట్, జయపురం, గుణుపురం వైపు వాళ్ళం పెద్ద వస్తువు ఏది కొనాలన్నా విశాఖపట్నమో భువనేశ్వరో పోవాల్సిందే. పోయి రావడానికి ఒక రోజు పోతుంది, వస్తువులో తేడా వస్తే ఇంకో రోజు. అంత దూరం నుంచి వచ్చినవాడు గొడవ పెట్టుకోడు, రైలు టైము చూసుకుని సర్దుకుపోతాడు. అలా సర్దుకుపోయినవాళ్ళు మా బంధువుల్లోనే నలుగురైదుగురు ఉన్నారు, నేనూ కొంచెంలో సర్దుకుపోయేవాణ్ణే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆ షోరూం పేరు రాయను, అది ఏ కంపెనీ వాచీయో కూడా రాయను, వాచీ తయారుచేసినవాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు.

నేను ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో పనిచేస్తాను. ప్రెషర్ గేజీలు విప్పడం, క్యాలిబ్రేట్ చెయ్యడం, మళ్ళీ బిగించడం, పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. చేరిన కొత్తలో మా సీనియర్, ఒడియా ఆయన, మూడు నెలలు నన్ను ఏ గేజీనీ విప్పనివ్వలేదు. ముందు బల్ల తుడవడం నేర్చుకో అనేవాడు. బల్ల మీద ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా దాని మీద పెట్టిన వస్తువు పాడైనట్టే అని ఆయన లెక్క. స్క్రూడ్రైవర్ తీసే ముందు దాని మొన స్క్రూ గాడిలో సరిగ్గా కూర్చుంటుందో లేదో చూడమనేవాడు, కూర్చోకపోతే ఆ పని ఆ రోజు ఆపేయమనేవాడు. అప్పుడు విసుగ్గా ఉండేది. ఇప్పుడు నా చేతికింద పనిచేసే కుర్రాళ్ళకి నేను చెప్పేదీ అదే.

వాచీ మీద ఇష్టం మాత్రం మా నాన్న దగ్గర నుంచి వచ్చింది. ఆయనకి హెచ్‌ఎంటీ ఉండేది, కీ ఇచ్చేది. హెచ్‌ఎంటీ వాళ్ళు 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి బెంగళూరులో వాచీలు మొదలుపెట్టారు, 2016లో కేంద్రం ఆ వాచీ కంపెనీని మూసేయాలని నిర్ణయించింది. ఆ రెండింటి మధ్య మన దేశంలో ఉద్యోగం వచ్చినవాడికి, పెళ్ళయినవాడికి చేతికి వచ్చేది చాలావరకు ఆ వాచీయే. నాన్న రోజూ పొద్దున్న స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, చెయ్యి పూర్తిగా ఆరిందో లేదో తుండుతో మరోసారి తుడుచుకుని అప్పుడు కీ ఇచ్చేవాడు. తడిచేత్తో ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన పోయాక అది అన్నయ్య తీసుకున్నాడు, పెద్దవాడు కదా, నాకు బాధ లేదు. కానీ నాకంటూ ఒక మంచి ఆటోమేటిక్ వాచీ, నా తర్వాత మా అమ్మాయి పెట్టుకునేది ఒకటి ఉండాలని ఆరేళ్ళు ఓవర్‌టైం డబ్బు విడిగా దాచాను. మా ఆవిడే చివరికి "ఎన్నాళ్ళు చూస్తారండీ, వెళ్ళి తెచ్చుకోండి" అంది.

నాకు కావలసిన మోడల్ షోరూంలో లేదు, తెప్పిస్తామన్నారు. 10,000 అడ్వాన్స్ పంపాను. పన్నెండు రోజులకి ఫోన్ వచ్చింది, వచ్చింది రండి సార్ అని. పొద్దున్న రైలెక్కి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా పదకొండున్నరకి విశాఖలో దిగాను.

లోపల ఏసీ, మెత్తటి కుర్చీ, కాఫీ తాగుతారా జ్యూస్ తాగుతారా అని రెండుసార్లు అడిగారు. మర్యాదకి ఏ లోటూ లేదు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, చక్కగా ఇన్‌షర్ట్ చేసుకున్నాడు, నవ్వుతూ పలకరించాడు. "రాయగడ నుంచా సార్, చాలా దూరం వచ్చారు" అన్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి ఒక ట్రే పట్టుకొచ్చాడు.

ఆ ట్రేలో నా వాచీ ఒక్కటే లేదు. ఇంకో నాలుగు ఉన్నాయి, అన్నీ స్టీలు చైన్‌లవే, ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని. నడుస్తుంటే గాజుల్లా గలగల చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక స్టీలు ఇంకో స్టీలుకి తగిలితే రెండూ గీసుకుంటాయి, దీనికి ఏ శాస్త్రమూ అక్కర్లేదు, గిన్నెలు తోమే వాళ్ళకి కూడా తెలుసు. నేను ఏమీ అనలేదు. మొదటిసారి ఇంత ఖరీదైన వస్తువు కొంటున్నాను, ఇక్కడ పద్ధతి ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను.

వాచీ తీసి నా ముందు పెట్టాడు. దేని మీద అంటే, తన టాబ్లెట్ మీద. మోడల్ వివరాలు చూపించడానికి టాబ్లెట్ తెచ్చాడు, దానికి మడత కవర్ ఉంది, ఆ కవర్ మూసుకోవడానికి లోపల అయస్కాంతాలు ఉంటాయి. ఆటోమేటిక్ వాచీలో లోపల వెంట్రుకంత సన్నటి స్ప్రింగు చుట్టలు చుట్టి ఉంటుంది, హెయిర్‌స్ప్రింగ్ అంటారు, అది విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉంటేనే టైము నడుస్తుంది. మామూలు రకం స్ప్రింగుకి అయస్కాంతం పట్టిందంటే ఆ చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, అప్పుడు వాచీ రోజుకి నిమిషాల లెక్కన ముందుకి పరిగెడుతుంది. పట్టినదాన్ని వదిలించడం రెండు నిమిషాల పనే, కానీ కొత్త వాచీకి ఆ పని ఎందుకు రావాలి? నేను వాచీని తీసి పక్కన పెట్టాను. అతను మాట్లాడుతూ మాట్లాడుతూ మళ్ళీ తీసి టాబ్లెట్ మీదే పెట్టాడు.

అతని కుడిచేతికి రెండు ఉంగరాలు. ఒకదానికి రాయి ఉంది. వాచీ అద్దం సఫైర్, గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో దానికి 9, వజ్రానికి 10, కాబట్టి మామూలు రాళ్ళతో అద్దానికి ఏమీ కాదు. కేస్ మాత్రం స్టీలు. ఇసుకలో ఉండే క్వార్ట్జ్‌కి మోస్ లెక్కలో 7, వాచీల్లో వాడే 316ఎల్ స్టీలు దానికంటే మెత్తన. అంటే గుడ్డకి అంటుకున్న దుమ్ములో ఒక్క రేణువు చాలు, తుడిచినప్పుడల్లా గీత పడటానికి. అతను తుడిచిన గుడ్డ అంతకుముందు కౌంటర్ అద్దం తుడిచిన గుడ్డే, నా కళ్ళతో చూశాను.

తర్వాత టైము పెట్టాడు. షోరూంలో వాచీలన్నీ పది గంటల పది నిమిషాలు చూపిస్తూ ఉంటాయి కదా, నాదీ అలాగే ఉంది. అతను కీ ఒక మెట్టు లాగి తేదీ గిరగిరా తిప్పేశాడు. వాచీ ఆగి ఉన్నప్పుడు ఆ పది పొద్దున్నదో రాత్రిదో పైకి తెలియదు. చాలా వాచీల్లో రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి మూడు దాకా తేదీ మార్చే పళ్ళ చక్రం పట్టుకుని ఉంటుంది. ఆ టైములో బలవంతంగా తేదీ తిప్పితే పన్ను విరగొచ్చు, వంగొచ్చు. ముందు ముళ్ళని పన్నెండు దాటించి తేదీ మారిందో లేదో చూసి, ఆ తర్వాత కిందికి ఆరు దగ్గరికి తెచ్చి, అప్పుడు తేదీ పెట్టాలి. ఇది వాచీతో పాటు వచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. "బాబూ, ఒకసారి పన్నెండు దాటించి చూడు" అన్నాను. "ఏం కాదు సార్, మేం రోజూ చేస్తాం" అన్నాడు.

నేను లేచి నిలబడాల్సింది అక్కడే. ఈ పీస్ వద్దు, సీల్ తియ్యనిది ఇంకోటి చూపించండి అనాల్సింది. అనలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది.

బిల్లు కొట్టారు. రెండు లక్షలు దాటింది కాబట్టి పాన్ నంబరు అడిగారు, ఇచ్చాను. కార్డు గీశాను. ఆ తర్వాత చైన్ సైజు చేస్తాం అన్నారు. ఈ వరస గమనించండి, బిల్లు ముందు, సైజు తర్వాత. డబ్బు కట్టేదాకా వస్తువు వాళ్ళది, దానికి ఏమైనా వాళ్ళదే బాధ్యత. కట్టిన మరుక్షణం నుంచి "మీ వాచీ సార్" అంటారు. చేతులు మాత్రం వాళ్ళవే.

సైజు చెయ్యడానికి లోపల విడిగా బల్ల ఉంటుందనుకున్నాను. లేదు. అదే కౌంటర్, అదే అద్దం, కింద మెత్త గానీ రబ్బరు షీట్ గానీ ఏమీ లేదు. నా వాచీ చైన్‌కి లింకులు స్క్రూలతో బిగించి ఉంటాయి. చవక చైన్‌లకి పిన్నులు ఉంటాయి, లింకు లోపలి వైపు బాణం గుర్తు ఉంటుంది, అటు నెట్టాలి. స్క్రూలకి గాడిలో సరిగ్గా కూర్చునే మొన కావాలి, కొన్నిటికి కంపెనీలో జిగురు పెడతారు, కొంచెం వేడి తగిలితే గానీ కదలవు. అతను సొరుగులోంచి ఒక స్క్రూడ్రైవర్ తీశాడు. మొన గాడి కంటే సన్నగా ఉంది, అది నాకు కూర్చున్న చోటి నుంచే కనపడింది. వాచీని బోర్లా పెట్టి ఎడమచేత్తో నొక్కి పట్టుకున్నాడు. ఒకసారి తిప్పాడు, రాలేదు. రెండోసారి బలం పెట్టాడు. టక్ మని జారింది. మొన గాడిలోంచి జారి, చైన్ పక్క నుంచి వెళ్ళి, కొమ్ము మీద ఆగింది.

అతను వెంటనే బొటనవేలితో ఆ చోటు రుద్దాడు. తెలిసే రుద్దాడు. నా వైపు చూడలేదు.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు సార్."

"ఇలా ఇవ్వు."

ఫోన్ టార్చి వేసి చూశాను. ఆ తర్వాత వేలిముద్ర అన్న మాట, తుడవడాలు, ఇంకొకతను రావడం, మేనేజర్ రావడం. మేనేజర్ నెమ్మదిగా మాట్లాడే మనిషి. "సార్, ఇది చాలా చిన్నది, పెట్టుకుంటే వారంలో ఇలాంటివి పది పడతాయి. కావాలంటే ఫ్రీగా బఫ్ చేయించి ఇస్తాం, కొత్తదానిలా అవుతుంది" అన్నాడు. బఫ్ అంటే ఏమిటో నాకు తెలుసు. గీత ఎంత లోతు ఉందో అంత మేర చుట్టూ ఉన్న లోహాన్ని అరగదీస్తారు. నున్నటి భాగానికీ, గీతల నిగారింపు ఉన్న భాగానికీ మధ్య పదునైన అంచు ఒకటి ఉంటుంది, వాచీ అందం సగం ఆ అంచులోనే ఉంటుంది. అది మొద్దుబారిపోతుంది. పోయిన లోహం తిరిగి రాదు. అసలు పెట్టుకోని వాచీని అరగదీయడానికి నేను ఒప్పుకోను అన్నాను.

వారంలో పది గీతలు పడతాయన్న మాట నిజమే కావచ్చు. నేను ఫ్యాక్టరీలో పనిచేస్తాను, నాకు తెలియదా. కానీ అవి నా చేతిమీద, నా పనిలో పడతాయి. ఈ గేటు దగ్గర తగిలింది, అమ్మాయిని బండి ఎక్కిస్తుంటే తగిలింది అని నాకు గుర్తుంటుంది. నాన్న హెచ్‌ఎంటీ అద్దం మీద ఒక గీత ఉండేది, అది మా ఇంటి నూతి గిలక దగ్గర పడిందని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. ఆరేళ్ళు దాచుకుని కొనుక్కున్న వస్తువు మీద మొదటి గీత ఇంకెవరో పెట్టి, దాన్ని వేలితో రుద్ది దాచబోతే అది చిన్నది ఎలా అవుతుంది?

వేరే పీస్ ఇవ్వండి అన్నాను. స్టాకు లేదు, అదీకాక బిల్లు అయిపోయింది, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం అని బిల్లు కింద సన్నక్షరాల్లో ఉంది చూడండి అన్నారు. నా రైలు సాయంత్రం. అప్పటికి రెండు దాటింది. అన్నం తినలేదు. ఒక క్షణం నిజంగానే అనిపించింది, పోనీలే తీసుకుని వెళ్ళిపోదాం, ఇంట్లో ఎవరికీ కనపడదు కదా అని. మా ఆవిడకి ఫోన్ చేశాను. "మీకు కనపడుతుంది కదండీ" అంది. అంతే అంది.

వాచీ అక్కడే వదిలి వెళ్తాను, కానీ కాగితం కావాలి అన్నాను. బిల్లు కాపీ వెనక నేనే తెలుగులో రాశాను. తేదీ, టైము, వాచీ సీరియల్ నంబరు, గీత ఏ కొమ్ము మీద ఉందో, చైన్ సైజు చేస్తుండగా స్క్రూడ్రైవర్ జారి పడిందని, వాచీని షోరూంలో వదిలి వెళ్తున్నానని. సంతకం పెట్టమన్నాను. మేనేజర్ పెట్టనన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. గొంతు పెంచలేదు, అక్కడ వేరే వాళ్ళు పెళ్ళి వాచీలు చూసుకుంటున్నారు, వాళ్ళ సరదా పాడుచెయ్యడం నాకు ఇష్టం లేదు. గంట పైగా కూర్చున్నాక "జారి పడింది" అన్న మాట కొట్టేసి "గీత గమనించారు" అని మార్చి సంతకం, స్టాంపు వేసి ఇచ్చారు. అది చాలనుకున్నాను. గీతని నాలుగు వైపుల నుంచి, పక్కన ఉక్కు స్కేలు పెట్టి ఫోటోలు తీశాను. స్కేలు నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది, పని అలవాటు.

ఖాళీ చేతులతో రాత్రి రాయగడ స్టేషన్‌లో దిగాను. మా అమ్మాయి మేలుకునే ఉంది, వాచీ చూపించు నాన్నా అంది.

తర్వాతి ఇరవై ఆరు రోజులు టూకీగా చెప్తాను. మర్నాడే షోరూంకి ఈమెయిల్ పెట్టాను, ఫోటోలు, కాగితం జతచేసి. నాలుగు రోజులకి జవాబు, మా సిబ్బంది తగిన శిక్షణ పొందినవారు, గీత ముందే ఉందా తర్వాత పడిందా నిర్ధారించలేం అని. ఇక్కడ వాళ్ళు ఒక సంగతి ఆలోచించలేదు. గీత ముందే ఉంటే వాళ్ళు నాకు గీత ఉన్న వాచీని కొత్తదని అమ్మినట్టు, తర్వాత పడితే వాళ్ళ చేతిలోనే పడినట్టు. రెండిట్లో ఏదైనా నా తప్పు కాదు. అదే మాట తిరిగి రాశాను. జవాబు లేదు. ఫోన్ చేస్తే మేనేజర్ సెలవులో ఉన్నారు, మీటింగ్‌లో ఉన్నారు. కంపెనీ వాళ్ళ ఇండియా కస్టమర్ కేర్‌కి రాశాను, డీలర్‌తో మాట్లాడతాం అన్నారు.

పదకొండో రోజు 1915కి ఫోన్ చేశాను. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, పదిహేడు భాషల్లో మాట్లాడతారు, తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. నేను తెలుగు ఎంచుకున్నాను. చదువంతా ఒడియా మీడియంలోనే అయినా బాధ చెప్పుకోవాలంటే నాకు తెలుగే వస్తుంది. ఫిర్యాదు రాసుకుని నంబరు ఇచ్చారు. ఈ హెల్ప్‌లైన్ కోర్టు కాదు, తీర్పు ఇవ్వదు, ఫిర్యాదుని అవతలివాళ్ళకి పంపించి జవాబు అడుగుతుంది.

దాంతో పాటు జిల్లా వినియోగదారుల కమిషన్ సంగతి కూడా కనుక్కున్నాను, ఇది మా సరిహద్దు వాళ్ళకి చాలా ముఖ్యం. నేను అప్పటిదాకా అనుకున్నదేమిటంటే, కొన్నది ఆంధ్రాలో, ఉండేది ఒడిశాలో, కేసు వెయ్యాలంటే విశాఖ చుట్టూ తిరగాలని. అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు. వస్తువుకి కట్టిన డబ్బు 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే చూస్తుంది, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. రెండేళ్ళ లోపు వెయ్యాలి. ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు. లాయరు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. ఈ నాలుగు ముక్కలూ తెలిశాక నాకు టెన్షన్ సగం తగ్గింది. షోరూంకి ఇంకో మెయిల్ పెట్టాను, పదిహేను రోజుల్లో తేల్చకపోతే రాయగడ జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను, మీరే ఇక్కడికి రావాలి అని. బెదిరింపుగా రాయలేదు, నిజంగానే కాగితాలన్నీ వరసపెట్టి ఫైలు కట్టుకున్నాను.

ఇరవై ఆరో రోజు మేనేజరే ఫోన్ చేశాడు. కొత్త పీస్ వచ్చింది సార్, వచ్చి మార్చుకోండి అన్నాడు. ఎందుకు మనసు మార్చుకున్నారో నేను అడగలేదు.

ఈసారి ఒంటరిగా వెళ్ళలేదు. మా మేనమామది పార్వతీపురం, నలభై ఏళ్ళుగా వాచీ రిపేరు. బజారులో మెట్ల కింద నాలుగడుగుల కొట్టు, ముందు గాజు పెట్టె, కంటికి ఐగ్లాసు అనే చిన్న భూతద్దం. సెల్‌ఫోన్లు వచ్చాక బేరం తగ్గింది, అయినా కొట్టు మూయలేదు. మావయ్య పార్వతీపురంలో నా పెట్టెలోకే ఎక్కాడు. బాక్సులో పులిహోర, భుజానికి సంచీ, సంచీలో ఐగ్లాసు, చిన్న దిక్సూచి, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ. నేను మొదటి రోజు సంగతంతా వివరంగా చెప్తే విని, "బిల్లు కట్టకముందే చూసుకోవాల్రా అల్లుడూ. పెళ్ళయ్యాక పిల్లని చూస్తానంటే ఎలా" అన్నాడు.

షోరూంలో మావయ్య ఏం చేశాడో చెప్తాను. ముందు చేతులు కడుక్కోవాలి, నీళ్ళెక్కడ అని అడిగాడు. వచ్చి, ఉంగరం తీసి జేబులో వేసుకుని, కౌంటర్ మీద తన గుడ్డ పరిచాడు. పెట్టె మీ చేత్తోనే తెరవండి, సీల్ మా ముందే తియ్యండి అన్నాడు. పెట్టె మీద సీరియల్ నంబరు, వాచీ వెనక నంబరు, వారంటీ కార్డు మీద నంబరు, మూడూ నన్ను పైకి చదవమన్నాడు. చదివాను, కలిశాయి. అప్పుడు ఐగ్లాసు పెట్టుకుని నాలుగు కొమ్ములు, కేస్ పక్కలు, చైన్ తాళం, వెనక మూత చుట్టూ ఉన్న గాళ్ళు చూశాడు. మూత ఎవరైనా ముందే తెరిచి ఉంటే ఆ గాళ్ళ అంచుల్లో తెలుస్తుందట. దిక్సూచిని వాచీకి దగ్గరగా తెచ్చి నెమ్మదిగా చుట్టూ తిప్పాడు. ముల్లు ఊగలేదు. ముళ్ళని ముందుకి తిప్పి పన్నెండు దగ్గర తేదీ మారడం చూశాడు, తేదీ అంకె కిటికీ మధ్యలో నిలిచిందో లేదో చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

ఆ కుర్రాడు కూడా అక్కడే ఉన్నాడు. మొదట దూరంగా నిలబడ్డాడు, తర్వాత తర్వాత దగ్గరికి వచ్చి చూస్తూ ఉన్నాడు. మావయ్య అతన్ని పిలిచి ఐగ్లాసు ఇచ్చి కొమ్ము అంచు చూపించాడు. "చూడు బాబూ, ఈ అంచు ఎంత పదునుగా ఉందో. ఇది పోయిందంటే మళ్ళీ నేనూ తేలేను, ఆ స్విట్జర్లాండ్ వాడూ తేలేడు" అన్నాడు. అతను చాలాసేపు చూశాడు. ఇంతకుముందు ఐగ్లాసులోంచి ఎప్పుడూ చూడలేదు సార్ అన్నాడు. రెండేళ్ళుగా ఆ కౌంటర్‌లో పనిచేస్తున్నాడట. ఎలా నవ్వాలో, కాఫీ ఎలా అడగాలో, ఈఎంఐ ఎలా వివరించాలో నేర్పారు. వాచీని ఎలా పట్టుకోవాలో ఎవరూ నేర్పలేదు. నాకు అతని మీద కోపం ఆ రోజుతో పోయింది. వేలితో రుద్ది దాచబోయాడని ఉన్న కోపం కూడా. ఆ గీత డబ్బు జీతంలో కోస్తారని భయపడి ఉంటాడు. లక్షల వస్తువులు అమ్మే చోట ఒక మెత్త, మూడు రకాల స్క్రూడ్రైవర్ మొనలు, ఐగ్లాసు కొని పెట్టి, వారం రోజులు నేర్పించలేని యజమానుల మీద మాత్రం నా కోపం అలాగే ఉంది.

చైన్ సైజు చేస్తామన్నారు. వద్దు, అలాగే ఇచ్చెయ్యండి అన్నాను. ఈసారి తీసుకునే కాగితం మీద "గీతలు లేవు, సైజు చెయ్యలేదు" అని వాళ్ళ చేతే రాయించుకుని, నేను కూడా సంతకం పెట్టాను.

పార్వతీపురంలో మావయ్యతో పాటే దిగాను. కొట్టు తలుపు సగం ఎత్తి, లైటు వేసి, ముందు బల్ల తుడిచాడు. మా సీనియర్ గుర్తొచ్చాడు. కొమ్ముల మీద, చైన్ మొదటి లింకుల మీద పలచటి టేపు అంటించాడు. స్క్రూడ్రైవర్ మొనలు మూడు మార్చి చూశాడు, మూడోది గాడిలో కదలకుండా కూర్చుంది. టేబుల్ లైటు బల్బుని దగ్గరికి లాగి లింకుని కాసేపు దాని కింద వెచ్చబెట్టాడు. ఊపిరి బిగబట్టి తిప్పాడు. స్క్రూ మెత్తగా, వెన్నలో తిరిగినట్టు కదిలింది. తాళం మధ్యలో ఉండేలా ఒక పక్క రెండు లింకులు, ఇంకో పక్క ఒకటి తీశాడు, తీసిన మూడింటినీ చిన్న ప్లాస్టిక్ సంచీలో వేసి, వేసవిలో చెయ్యి ఉబ్బితే కావాలి, పారెయ్యకు అని ఇచ్చాడు. డబ్బు ఎంత ఇవ్వమంటావు మావయ్యా అంటే, "ఏటిరా ఆ మాట" అని కసిరాడు.

పెట్టుకుని రెండు నెలలైంది. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో టైముతో సరిచూసి ఒక పుస్తకంలో రాస్తున్నాను, మా అమ్మాయి చదివితే నేను రాస్తాను. రోజుకి నాలుగు సెకన్లు ముందుకి వెళ్తోంది. మావయ్యకి చెప్తే, ఆటోమేటిక్‌కి అది మంచి నడకే, కదిలించకు అన్నాడు.